చెరకు కణంలో రంగు దీపాలు

రెల్లు గడ్డి వాటా ఎంతో తేల్చిన పరీక్ష - క్యాన్సర్ రోగుల నిర్ధారణకూ అదే ఆధారం

చిరాగ్‌పల్లి (జహీరాబాద్): హైదరాబాద్-ముంబయి జాతీయ రహదారి మీద తెలంగాణ చిట్టచివరి ఊళ్లలో చిరాగ్‌పల్లి ఒకటి. ఇది దాటితే కర్ణాటక. లారీలు ఆపి, కాగితాలు చూపించి, ఏ సరుకు ఎక్కడి నుంచి వస్తున్నదో చెప్పుకొన్న తనిఖీ కేంద్రంగా ఈ ఊరి పేరు డ్రైవర్లకు చిరపరిచితం. లారీలో సరుకుకైతే చలానా ఉంటుంది. మరి రోడ్డుకు అటూ ఇటూ ఎర్రనేలల్లో నిలబడ్డ చెరకు గడ ఎక్కడిది? దాని ఒక్కొక్క కణంలో నూరుకు పైబడి క్రోమోజోములు ఉన్నాయి. వాటిలో ఏది ఏ జాతి నుంచి వచ్చింది?

చెరకు పండించే దేశాల శాస్త్రజ్ఞులను ఎనభై ఏళ్లకు పైగా వేధించిన ప్రశ్న ఇది. చిరాగ్ అంటే ఉర్దూలో దీపం. చెరకు ప్రశ్నకు జవాబు కూడా దీపాల వెలుగులోనే దొరికింది. కాకపోతే అవి కంటికి కనిపించని దీపాలు. సూక్ష్మదర్శిని కింద, చీకటి గదిలో, క్రోమోజోముల మీద వెలిగే ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు. ఈ పద్ధతి పూర్తి పేరు ఫ్లోరసెన్స్ ఇన్ సైటు హైబ్రిడైజేషన్. పొట్టి పేరు ఫిష్. చేపలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

రెల్లుతో వియ్యం

కథ మొదలైంది మన గోదావరి గట్టునే. 19వ శతాబ్దం చివరి రోజుల్లో గోదావరి జిల్లా చెరకు తోటలను ఎర్రకుళ్ళు తెగులు చావుదెబ్బ తీసింది. గడ పైకి పచ్చగానే ఉంటుంది. చీల్చి చూస్తే లోపల ఎర్రబారి, పులిసిన వాసన కొడుతుంది. ఆ తెగులును పరిశీలించడానికి మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ వచ్చారు. 1902లో సామర్లకోటలో ప్రయోగ క్షేత్రం వెలిసింది. పదేళ్లు తిరిగేసరికి, 1912లో, కోయంబత్తూరులో ఏర్పడిన చెరకు ప్రజనన కేంద్రానికి ఆ బార్బరే పెద్దదిక్కయ్యారు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన టి.ఎస్. వెంకట్రామన్ ఆ తర్వాత ఆ కేంద్రానికి అధిపతి అయ్యారు.

వారు చేసిన పని అప్పట్లో విడ్డూరంగా తోచి ఉంటుంది. లావుపాటి, రసం నిండిన చెరకుకు, వాగుల వెంట ఊరికే పెరిగే రెల్లు గడ్డితో వియ్యం కలిపారు. రెల్లులో తీపి లేదు. పీచు తప్ప రసం లేదు. కాని నీరు లేకపోయినా బతుకుతుంది, నీరు నిలిచినా బతుకుతుంది, నరికిన కొద్దీ పిలకలు వేస్తుంది, తెగుళ్లకు ఒక పట్టాన లొంగదు. వెల్లై అనే లావు చెరకును తల్లిగా, కోయంబత్తూరు రెల్లును తండ్రిగా పెట్టి సాధించిన సంకర రకమే కో 205. 1918లో విడుదలై పంజాబ్‌లో రైతుల మన్నన పొందింది. మన రైతులు నోరారా పిలిచే 'కో' అన్న అక్షరం కోయంబత్తూరుకు గుర్తు అన్న సంగతి చాలామందికి తెలియకపోవచ్చు.

ఇంచుమించు అదే కాలంలో జావాలో డచ్చి వారు కూడా ఇదే దారి తొక్కారు. అక్కడ సెరే అనే రోగం తోటలను తినేస్తుండగా, కొండవాలులో సహజంగా పుట్టిన కస్సోర్ అనే సంకర చెరకును పట్టుకున్నారు. దాని సంతతిలోనే 1921లో పి.ఒ.జె. 2878 పుట్టింది. లావు చెరకును వారు 'నోబుల్' అన్నారు. మన మాటల్లో దొర చెరకు అనుకోవచ్చు. రెల్లు సంకరాన్ని మళ్లీ మళ్లీ దొర చెరకుతో కలిపి తీపి పెంచడమే ఈ పద్ధతి కిటుకు. దక్కను రైతులు దశాబ్దాల పాటు నమ్ముకున్న కో 419 రకానికి తల్లి జావా పి.ఒ.జె. 2878, తండ్రి కోయంబత్తూరు కో 290. 1933లో వచ్చిన ఆ రకంలో జావా రెల్లు వారసత్వమూ ఉన్నదన్న మాట. కనుక జహీరాబాద్ పొలంలో గడ నరికే రైతు చేతిలో సగం ప్రపంచపు వంశవృక్షం ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

లెక్క కుదరని క్రోమోజోములు

మనిషి కణంలో 46 క్రోమోజోములు. జహీరాబాద్ ప్రాంతపు పంటలు తీసుకుంటే జొన్నలో 20, కందిలో 22, అల్లంలో 22, ఆలుగడ్డలో 48. దొర చెరకులో 80 ఉంటాయి. రెల్లులో ఒక్కొక్క చోట ఒక్కొక్క లెక్క. 40 నుంచి 128 దాకా కనిపించాయి. కోయంబత్తూరు రెల్లులో 64.

సాధారణంగా తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. ఆ లెక్కన కో 205లో 40, 32 కలిసి 72 ఉండాలి. లెక్కపెడితే 112 తేలాయి. తల్లి తన 80నీ మొత్తంగా ఇచ్చేసింది. తండ్రి మాత్రం న్యాయంగా తన 64లో సగం, 32 ఇచ్చాడు. ఈ వింత జావాలో బ్రెమర్ అనే శాస్త్రజ్ఞుడు 1920లలోనే గుర్తించారు. ఆడపిల్లకు పుట్టింటి వారు ఆస్తి అంతా రాసిచ్చినట్టుగా ఉన్నది కదా! మళ్లీ దొర చెరకుతో కలిపితే మరికొన్ని చేరతాయి. నేటి రకాల్లో మొత్తం 100 నుంచి 130 వరకు ఉండటానికి కారణం ఇదే.

అంతవరకు సరే. అయితే ఆ నూటికి పైబడ్డ వాటిలో రెల్లువి ఎన్ని మిగిలాయి? సూక్ష్మదర్శిని కింద అన్నీ ఒకే రకం పొట్టి కడ్డీలు. దొరది ఏది, రెల్లుది ఏది పోల్చుకునే మార్గం లేదు. లెక్కకట్టి ఊహించడమే తప్ప చూసి చెప్పినవారు లేరు.

దీపం ఎలా వెలుగుతుంది?

డి.ఎన్.ఎ. రెండు పోగుల తాడు అని పాఠశాల పిల్లలకు సైతం తెలుసు. రెండు పోగులూ చొక్కా బొత్తాలూ కాజాల మాదిరి ఒకదానికొకటి సరిగ్గా అమరుతాయి. వేడి చేస్తే విడిపోతాయి, చల్లబడితే మళ్లీ కలుస్తాయి. కలిసేటప్పుడు ప్రతి పోగూ తనకు సరిపడే జతనే వెదుక్కుంటుంది. పరాయి పోగుతో పొసగదు.

పరీక్షకు ఆధారం ఈ గుణమే. వెదకవలసిన జన్యువుకు జతపడే డి.ఎన్.ఎ. ముక్కను ముందుగా తయారు చేసుకొని, దానికి వెలిగే రంగు తగిలిస్తారు. దీనినే ప్రోబ్ అంటారు. చెరకు విషయంలో ముచ్చెను తడిలో ఉంచి, మొలిచిన లేత వేరు కొసలు తీసుకుంటారు. కణాలు జోరుగా విభజన చెందేది అక్కడే కనుక. మందు వేసి విభజనను మధ్యలో ఆపుతారు. ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నిలవ చేస్తారు. కణాల గోడలను ఎంజైములతో కరిగించి క్రోమోజోములను గాజు పలక మీద విడివిడిగా పరుస్తారు. చెప్పినంత తేలిక కాదు. నూరు పైచిలుకు కడ్డీలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచడానికి ఓర్పు, చేతివాటం రెండూ కావాలి.

పలకను ఇంచుమించు 70 డిగ్రీల వేడిలో పెడితే డి.ఎన్.ఎ. పోగులు విడిపోతాయి. అప్పుడు ప్రోబ్ పోసి, మన శరీరపు వేడికి సమానమైన 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేస్తారు. ప్రోబ్ తన జత ఉన్న చోటికి వెళ్లి అతుక్కుంటుంది. మిగిలింది కడిగేస్తారు. తెల్లవారి ప్రత్యేక సూక్ష్మదర్శిని కింద చూస్తే, నీలి రంగులో మెరిసే క్రోమోజోముల మీద ప్రోబ్ అతికిన చోటు మాత్రం ఎర్రగానో పచ్చగానో వెలుగుతుంది. జన్యువు చిరునామా అదే.

మొదట్లో ఈ పని రేడియోధార్మిక పదార్థంతో జరిగేది. 1969లో అమెరికాలో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ దీనిని తొలిసారి చేసి చూపారు. ఇంచుమించు అదే సమయంలో బ్రిటన్‌లో జాన్, బర్న్‌స్టీల్, జోన్స్ కూడా సాధించారు. రేడియోధార్మికతతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఫిల్ము మీద మచ్చ పడటానికి రోజులు, వారాలు కాచుకోవాలి. ఆపై ప్రమాదం ఒకటి. 1980లలో రంగు దీపాలు వచ్చి ఆ బెడద తీర్చాయి. ఒకే పలక మీద రెండు మూడు రంగులు వాడే వీలు కూడా కలిగింది.

పదోవంతు రెల్లు

1989లో కేంబ్రిడ్జిలో ష్వార్జాకర్, హెస్లాప్-హారిసన్ బృందం మరొక అడుగు ముందుకు వేసింది. ఒక జన్యువు ముక్క కాక, ఒక జాతి మొక్క డి.ఎన్.ఎ. మొత్తాన్నీ ప్రోబ్‌గా వాడి సంకర మొక్కలో ఆ జాతి క్రోమోజోములన్నిటినీ వెలిగించారు. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో సిరాడ్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన యాంజెలిక్ డోంట్, ఆమె సహచరులు దీనిని చెరకు మీద ప్రయోగించారు. దొర చెరకు డి.ఎన్.ఎ.కు ఒక రంగు, రెల్లు డి.ఎన్.ఎ.కు మరొక రంగు. పరీక్షకు రీయూనియన్ దీవిలో పండే ఆర్ 570 అనే రకాన్ని తీసుకున్నారు.

1996లో ప్రకటించిన ఫలితం ఇది: ఆ రకంలో సుమారు 115 క్రోమోజోములు ఉంటే, నూటికి 80 వంతులు దొర చెరకువి. పది వంతులు అచ్చంగా రెల్లువి. మిగిలిన పది వంతులే అసలు విశేషం. అవి రెండు రంగుల కడ్డీలు! ఒక చివర దొర రంగు, మరో చివర రెల్లు రంగు. అంటే రెండు జాతుల క్రోమోజోములు తెగి, ముక్కలు మార్చుకొని అతుక్కున్నాయన్న మాట. అప్పటిదాకా ఈ రెండూ కలవకుండా పక్కపక్కనే బతుకుతాయేమో అని సందేహపడేవారు. ఒక్క ఫోటోతో ఆ అనుమానం తీరిపోయింది.

ఇంకొక చిక్కుముడి కూడా దీపాలు లెక్కపెట్టడంతోనే విడిపోయింది. రైబోసోముల తయారీకి కావలసిన జన్యువులు క్రోమోజోముల ఒక్కొక్క వరుసలో ఒకచోట గుత్తిగా ఉంటాయి. వాటికి దీపం పెడితే దొర చెరకులో ఎనిమిది చుక్కలు వెలిగాయి. ఎనిమిది చుక్కలంటే ఎనిమిది వరుసలు; 80ని ఎనిమిదితో భాగిస్తే వరుసకు పది. రెల్లులో వరుసకు ఎనిమిదే అని తేలింది. ఈ రెండింటి ప్రాథమిక సంఖ్య ఒకటేనా కాదా అన్న పాత వాదానికి 1998లో ఇలా తెరపడింది. ఆ తర్వాత 2002లో మన ఉత్తరాది పాత సన్నచెరకులు, చైనా చెరకులు కూడా దొర చెరకుకూ రెల్లుకూ పుట్టిన సహజ సంకరాలే అని అదే పద్ధతి రుజువు చేసింది. కోయంబత్తూరులో బార్బర్, వెంకట్రామన్ చేయించిన పెళ్లి ప్రకృతి ఎప్పుడో చేసి చూపిందన్న మాట.

రైతుకు ఒరిగేదేమిటి?

ఇదంతా ఫ్రాన్స్ ప్రయోగశాల ముచ్చట, మనకెందుకని జహీరాబాద్ రైతు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

చెరకు విత్తనంతో కాక ముచ్చెలతో వేసే పంట. ఒక రకం వేసిన లక్ష ఎకరాలూ నిజానికి ఒకే మొక్కకు నకళ్లు. తెగులు ఆ ఒక్క మొక్కను జయిస్తే లక్ష ఎకరాలనూ జయించినట్లే. ఉత్తరప్రదేశ్‌లో జరిగింది అదే. 2009లో విడుదలైన కో 0238 రకం దిగుబడిలోనూ, చక్కెర శాతంలోనూ పేరు తెచ్చుకొని ఆ రాష్ట్రంలో అత్యధిక విస్తీర్ణాన్ని ఆక్రమించింది. తర్వాతి సంవత్సరాల్లో ఎర్రకుళ్ళు సోకి, ఏ రకాన్ని నెత్తిన పెట్టుకున్నారో దానినే మానుకోవలసిందిగా రైతులకు చెప్పవలసి వచ్చింది. గోదావరి జిల్లా అనుభవం నూరేళ్ల తర్వాత గంగా మైదానంలో పునరావృతమైంది. దక్షిణాదిన ఎక్కువగా కనిపించే కో 86032 కూడా పాతికేళ్లు దాటిన రకమే. ముచ్చెలు ఒక పొలం నుంచి మరో పొలానికి, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే సరిహద్దు ప్రాంతంలో ఈ సంగతి మరింత పట్టించుకోవలసి ఉన్నది. తెగులును ఆపి కాగితాలు అడిగే చెక్‌పోస్టు ఎక్కడా లేదు.

తెగుళ్లను తట్టుకునే గుణం, కార్శి పంటలో పిలకలు బాగా వేసే గుణం ఎక్కువగా రెల్లు వైపు నుంచి వచ్చినవే. అయితే ప్రపంచంలోని వాణిజ్య రకాలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టదగిన పాత రెల్లు మొక్కల నుంచే దిగాయి. దేశమంతటా వాగుల్లో, గట్ల మీద ఉన్న మిగతా రెల్లు సంపద ఇంకా చాలావరకు వాడుకోనిదే. కొత్త రెల్లుతో మళ్లీ వియ్యం కలపాలంటే తొలి సంకరం నుంచి రైతు చేతికి రకం అందే వరకు పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. ఆ మొక్క నిజంగా సంకరమా, తల్లి తనంతట తాను కన్న బిడ్డేనా? రెండో తరానికి, మూడో తరానికి రెల్లు క్రోమోజోములు ఎన్ని నిలిచాయి, ఎన్ని జారిపోయాయి? దీపాల పరీక్ష ఈ ప్రశ్నలకు తొలి ఏడాదిలోనే జవాబు చెప్పగలదు. లేనిపోని ఆశతో పదేళ్లు పెంచి పారేసే మొక్కలు తగ్గుతాయి.

అలాగని దీనిని సర్వరోగ నివారిణిగా పొగడటం కూడా తగదు. వేల మొక్కలను వడపోయడానికి ఫిష్ పనికిరాదు. ఒక్కొక్క పలకకూ రోజుల శ్రమ పడుతుంది. ఆ పనికి ఆకు ముక్కతో చేసే చవక డి.ఎన్.ఎ. పరీక్షలు ఉన్నాయి. తుప్పు తెగులును తట్టుకునే బ్రూ 1 అనే జన్యువును ఆ విధంగానే వెదుకుతారు. ఆర్ 570 రకపు డి.ఎన్.ఎ. లిపిని 2024లో శాస్త్రజ్ఞులు ప్రచురించారు. ఏ ముక్క దొరది, ఏ ముక్క రెల్లుది అన్నది ఇప్పుడు అక్షరాలలో కూడా చదవవచ్చు. ఆ పెద్ద పుస్తకానికి ముందు పటం గీసిపెట్టింది మాత్రం రంగు దీపాలే.

కట్లపాము నుంచి క్యాన్సర్ దాకా

హైదరాబాద్‌కూ ఈ విద్యతో పాత పరిచయం ఉన్నది. సి.సి.ఎం.బి.కి 1998 నుంచి 2009 వరకు డైరెక్టరుగా పనిచేసిన లాల్జీ సింగ్ అంతకు ముందు ఎడిన్‌బరోలో కెన్నెత్ జోన్స్ వద్ద పరిశోధన చేశారు. పైన చెప్పిన 1969 నాటి ముగ్గురిలో ఈ జోన్స్ ఒకరు. పట్టెల కట్లపాము డి.ఎన్.ఎ. ముక్కను ప్రోబ్‌గా వాడి, అది ఆడపాముల డబ్ల్యు క్రోమోజోము మీద పోగై ఉన్నట్లు సింగ్ చూపించారు. అప్పటి ప్రోబ్ రేడియోధార్మికమైనది. అదే పాము ముక్క తర్వాత హైదరాబాద్‌లో డి.ఎన్.ఎ. వేలిముద్రల పరీక్షకు సాధనమై, న్యాయస్థానాల దాకా వెళ్లింది.

ఇక ఆసుపత్రుల సంగతి. తెల్లరక్తకణాలు విపరీతంగా పెరిగే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9వ, 22వ క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకుంటాయి. కురచబడిన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించారు. అది ముక్కల మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. చెరకులో రెండు రంగుల కడ్డీ మేలు చేస్తే, ఇక్కడ ఆ మార్పిడే ప్రాణాంతకం. ఫిష్ పరీక్షలో ఒక క్రోమోజోము జన్యువుకు ఎరుపు, రెండోదానికి ఆకుపచ్చ దీపం పెడతారు. ఆరోగ్యవంతుని కణంలో రెండు ఎరుపు, రెండు ఆకుపచ్చ చుక్కలు దూరదూరంగా ఉంటాయి. రోగి కణంలో ఎరుపు, ఆకుపచ్చ ఒకచోట కలిసి పసుపుగా వెలుగుతాయి. కణం విభజన చెందే వరకు ఆగనవసరం లేదు. వందల కణాలను చూసి లెక్క చెప్పవచ్చు.

పరీక్షకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఈ మార్పిడి ఉన్నట్లు తేలితే దానికి గురిపెట్టిన మందు ఉన్నది. ఇమాటినిబ్ అనే ఆ మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందింది. ఒకప్పుడు కొద్ది సంవత్సరాలే బతుకుతారనుకున్న రోగులు రోజూ మాత్ర వేసుకుంటూ పనిపాటలు చేసుకోగలుగుతున్నారు. విదేశీ కంపెనీ మందు నెలకు సుమారు లక్షా 20 వేల రూపాయలు పలికిన రోజుల్లో, హైదరాబాద్‌కు చెందిన నాట్కో సంస్థ 2003లో అదే మందును వీనాట్ పేరుతో విడుదల చేసింది. మన దేశపు కంపెనీల మందు ఖర్చు నెలకు ఎనిమిది పది వేలకు దిగింది. పేటెంటు కోసం నోవార్టిస్ నడిపిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చిన సంగతి విదితమే.

రొమ్ము క్యాన్సర్‌లో పరీక్ష రక్తం మీద కాదు, కోసి తీసిన గడ్డ ముక్క మీదే జరుగుతుంది. 17వ క్రోమోజోము మీద ఉండే హెర్ 2 జన్యువు కొందరి గడ్డల్లో నకళ్లు నకళ్లుగా పెరిగిపోతుంది. ముందు మామూలు రంగు పరీక్ష చేస్తారు. అందులో అవునో కాదో తేలక '2 ప్లస్' అని వస్తే ఫిష్ అవసరమవుతుంది. జన్యువు చుక్కలు క్రోమోజోము చుక్కలకు రెండింతలు, అంతకు మించి ఉన్నాయా అని లెక్కపెడతారు. ఉంటే ట్రాస్టుజుమాబ్ అనే మందు పనిచేసే అవకాశం ఉన్నది. లేకుంటే అంత ఖరీదైన మందు ఎక్కించి ప్రయోజనం లేదు. హైదరాబాద్‌లోని కొన్ని పెద్ద ఆసుపత్రులు, ప్రయోగశాలల్లో ఈ పరీక్షలు జరుగుతున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కోసిన ముక్కను వెంటనే ఫార్మలిన్ ద్రావణంలో వేయాలి. అందులో ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉంచితేనే హెర్ 2 ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకొని, ముక్కను సీసాలో పెట్టుకొని బస్సులో హైదరాబాద్‌కు తీసుకువెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. సీసాలో ఉన్నది ఫార్మలినా, ఉప్పునీరా అని ఒక్కసారి అడిగి తెలుసుకోవడం మంచిది. ముక్కను మైనపు దిమ్మలో పొదిగి ఏళ్ల తరబడి నిలవ ఉంచుతారు. మరో ఆసుపత్రికి మారేటప్పుడు కాగితాలతో పాటు ఆ మైనపు దిమ్మను కూడా అడిగి తీసుకువెళ్లాలి. అది చేతిలో ఉంటే రోగికి మళ్లీ కోత పెట్టనవసరం లేకుండానే పరీక్ష చేయవచ్చు.